క్లౌ దొరగారును కాలువ కూలీలును

వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరను సంగతి మన ప్రాంతపు సండేస్కూలు పిల్లలందరికిని తెలిసినదే. ఆ అంకె మన గుడుల గోడలమీదను, వార్షిక సభల ప్రసంగములలోను తరతరములుగా వినబడుచున్నది. అయితే ఆ దినమునకు ముందు జరిగిన పదునైదు నెలల సంగతి చెప్పువారు అరుదు. ఆ నెలలలో క్లౌ దొరగారు ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. కాలువ త్రవ్వించిరి, కూలి లెక్కలు వ్రాయించిరి, ఆకలిగొన్నవారికి చేసిన పనికి తగిన కూలి చేతిలో పెట్టించిరి. యాకోబు భక్తుడు తన పత్రిక 5వ అధ్యాయములో, పనివానికి ఇయ్యక బిగబట్టిన కూలికి నోరున్నట్లును, అది దేవుని చెవిదాక పోయి మొరపెట్టునట్లును వ్రాసియున్నాడు. ఆ మాటను పారతో, తట్టతో, కొలగొలుసుతో ఆచరించిన మనుష్యుని జీవితమే ఈ నెల మన పాఠము.

జాన్ ఎవెరెట్ క్లౌ గారు 1836 జూలై 16వ తేదీన అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమందు ఫ్రూస్‌బర్గ్ అను ఊరి దగ్గర జన్మించిరి. కుటుంబము కలిగినది కాదు. మంచి భూములు వెదకికొనుచు పడమటికి తరలి పోయిన లక్షలాది కుటుంబములలో అదియు ఒకటి. పదునేడు పదునెనిమిదేండ్ల ప్రాయములోనే ఆయన ప్రభుత్వపు సర్వే గుంపులో చేరి, మిన్నెసోటా అడవులలోను బయళ్లలోను గొలుసు పట్టి భూమి కొలిచెను. భూమిని కొలుచుట, మట్టిని లెక్కకట్టుట, పనివారి గుంపును నడుపుట ఆ వయస్సుననే ఆయనకు అలవడెను. న్యాయవాది కావలెనని తలంచి అయోవాలోని బర్లింగ్టన్ విద్యాలయములో చేరగా అక్కడ ప్రభువు ఆయనను పట్టుకొనెను. 1858లో బాప్తిస్మము పొందెను. 1862లో అయోవాలోనే పట్టభద్రుడై, కొంతకాలము పుస్తకములు మోసికొని ఇంటింట సువార్త ప్రకటించెను.

1864 నవంబరు 30వ తేదీన బోస్టను రేవులో ఆయనయు భార్యయైన హారియెట్ అమ్మగారును ఓడ ఎక్కిరి. ఆ సమయమున వారి దేశములో అంతర్యుద్ధము ఇంకను ముగియలేదు. మనుష్యులను సంతలో అమ్ముట కొనుట న్యాయమా కాదా అను తగవే ఆ యుద్ధమునకు మూలము. బానిసత్వమును నిషేధించు సవరణ వారి రాజ్యాంగములో చేరుట 1865 డిసెంబరులో జరిగినది. అప్పటికి క్లౌ దొరగారు నెల్లూరులో తెలుగు అక్షరములు దిద్దుకొనుచుండిరి. బానిసల కొరకు రక్తము చిందుచున్న దేశమును విడిచి, సంకెళ్లు కంటికి కనబడని దేశమునకు వచ్చిరి.

కనబడలేదనియే అంటిని గాని, లేవని అనలేదు. హిందూదేశములో బానిసత్వమును న్యాయస్థానములు గుర్తింపరాదని 1843లోనే చట్టము చేయబడెను. 1860 నాటి శిక్షాస్మృతి మనుష్యులను బానిసలుగా కొనుట అమ్ముట నేరమనెను. కాగితము మీద అంతా సరిగానే యుండెను. అయితే ఒంగోలు నుండి పడమటికి వచ్చినచో, దర్శి, పొదిలి ప్రాంతములలో (అప్పటికి ఇవి నెల్లూరు జిల్లాలో వెంకటగిరి సంస్థానము క్రింద నుండెను) మన ముత్తాతల బ్రతుకు ఎట్లుండెను? గూడెములోని మాదిగ కుటుంబము ఊరి రైతులకు కట్టుబడి యుండెను. చచ్చిన గొడ్డును ఈడ్చుకొని పోవలెను, తోలు ఊనవలెను, చెప్పులు కుట్టవలెను, కపిలబానలు, పలుపులు, వారులు అమర్చవలెను. జాతరలో డప్పు కొట్టవలెను. అధికారి వచ్చినచో మూట మోయవలెను. ఇందుకు ప్రతిగా పంట కాలమున కళ్లము దగ్గర మేర గింజలు దొరకెడివి. ఆ మేర ఎంతయో నిర్ణయించువాడు రైతే. పెండ్లికో చావుకో అప్పు చేసినచో ఆ అప్పు తండ్రి నుండి కొడుకునకు దిగెడిది. కాలికి గొలుసు లేదు, అయినను ఊరు విడిచి పోవుటకు వీలు లేదు. దానినే మనవారు వెట్టి అనిరి.

తోలు పని ఒకరిని ఊరికి కట్టివేసినను, అదే తోలు వేరొకరిని ఊరు దాటించెను. యర్రగుంట్ల పేరయ్యగారు తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారము మీద ఉత్తరముగా గోదావరి ప్రాంతములకు పోయి వచ్చుచుండెడివాడు. గురువుల వెంట తిరిగి యోగము అభ్యసించిన జ్ఞాని. తోళ్ల కొరకు పోయినచోట సువార్త విని, మనస్సు మండగా, భార్య నాగమ్మతో గూడ వచ్చి 1866లో బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండుగురితో స్థాపింపబడెను. అదే నెలలో దొరగారు 40 మైళ్లు ప్రయాణము చేసి తాళ్లకొండపాడు వెళ్లగా, అక్కడ 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ దినములలోనే ఒంగోలులో ఒక చిక్కు వచ్చెను. పై కులముల బాలురు మిషను బడికి వచ్చుచుండిరి, వారి తండ్రులు దొరగారితో స్నేహముగా నుండిరి. మాదిగలు గుంపులుగా వచ్చుట చూచి, వీరిని చేర్చుకొన్నచో మా పిల్లలు రారని వారు స్పష్టముగా చెప్పిరి. దొరగారు తన గదిలోను, అమ్మగారు తన గదిలోను, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండ బైబిలు తెరువగా ఇద్దరికిని 1 కొరింథీయులకు 1వ అధ్యాయము చివరి వచనములే కంటబడెననియు, ఘనులను గాక నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను ఆ మాటను ఇద్దరును తీర్పుగా గ్రహించిరనియు మన పెద్దలు చెప్పుదురు. బడి ఖాళీ అయ్యెను, గూడెములు నిండెను.

చేరినవారికి దొరగారు పెట్టిన కట్టడలు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడును చూచుటకు మతపు కట్టడలే. అయితే ఊరి పెద్దలు వాటిలోని అసలు సంగతిని మనకంటె ముందుగా గ్రహించిరి. ఏడు దినములు పిలిచినప్పుడెల్ల రావలసిన మనుష్యుడు ఒక దినము నాది కాదు, దేవునిది అనినచో, మిగిలిన ఆరు దినములకును హద్దు ఏర్పడును. డప్పు కొట్టను అనినచో, కాదనుటకు వీలున్నదని తేలును. అందుచేతనే కోపము రేగెను. బావులకు పోనీయలేదు, అంగళ్లలో సరకు అమ్మనీయలేదు, మేర ఇయ్యలేదు, లేని నేరములు మోపి కచ్చేరీల చుట్టు త్రిప్పిరి. దొరగారు అధికారులకు వ్రాసి, కలిసి, వాదించి, కొందరిని విడిపించిరి.

ఆయన సమస్తమును సరిచేసెనని చెప్పుట నిజము కాదు. ఊరితో గల తోలు పని బంధమును ఆయన తెంచివేయమనలేదు. మీ పని మీరు నమ్మకముగా చేయుడి, ఆదివారమును మనస్సాక్షిని మాత్రము విడువకుడి అని బోధించిరి. అది చాలలేదని నేడు అనువారున్నారు, ఆ మాటలో న్యాయమున్నది. కాని మరునాటి గింజలకు వేరే దారి లేని గూడెమును చూచి మాటలాడినవాడాయన. తాను నేర్పిన దానికి కూలివాడు ఆకలితో వెల చెల్లింపవలసి వచ్చునని ఆయన ఎరుగును.

ఇక ధాత కరువు. 1876లో వానలు లేవు. మరు సంవత్సరమును సరిగా లేవు. మద్రాసు రాజధానిలో లక్షలాది జనులు చచ్చిరి. 1877 జనవరిలో హిందూదేశ ప్రభుత్వము పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ గారు ఖర్చు తగ్గించుటకై కరువు పనిలో దినమంతయు మట్టి మోసిన మగవానికి ఒక పౌను ధాన్యమును, దానితో కొద్దిపాటి డబ్బును చాలుననిరి. దానిని టెంపుల్ కూలి అనిరి. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గారు, ఆ తిండితో పనివాడు బ్రతుకజాలడని గట్టిగా వాదింపగా ఆ సంవత్సరము మే నెలలో కూలి కొంత పెంచిరి. ఆకలిగొన్నవాడు ఎంత ఇచ్చినను పనికి వచ్చును గదా అను లెక్క అప్పటిది, ఇప్పుడును చచ్చిపోలేదు.

గవర్నరుగా నున్న బకింగ్‌హామ్ ప్రభువు పేర సముద్రతీరమున పడవల కాలువ త్రవ్వించుట ఆ కరువు పనులలో ముఖ్యమైనది. మన క్రైస్తవులును కొందరు ఆ పనికి వెళ్లిరి. వెళ్లినవారు భయపడి తిరిగి వచ్చుచుండిరి. పైన ఇంజనీరు నిర్ణయించిన కూలి ఒకటి, మధ్యనున్న పెత్తనదారుల చేతులు దాటి అడుగునకు దిగునప్పటికి మిగులునది వేరొకటి. దానిపైన తిట్లు, దెబ్బలు. గూడెమువారికి అడిగే దిక్కు లేదు.

క్లౌ దొరగారు ఆ సంగతి విని ఏమి చేసిరో గమనింపుడి. అర్జీ వ్రాసి ఊరకుండవచ్చును. చందాలు పోగుచేసి గంజి పోయవచ్చును. ఆయన ఇంజనీరు దగ్గరకు పోయి, ఆ కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వు పనిని తానే కాంట్రాక్టుగా తీసికొనిరి. మిషనరీ కాంట్రాక్టరగుటయా అని నవ్వినవారుండవచ్చును. అయితే ఆయన లెక్క తేటగా నుండెను. పైనుండి వచ్చు సొమ్ము తన చేతికి వచ్చి, తన చేతి నుండి కూలివాని చేతికి పోయినచో, మధ్యలో మింగువాడుండడు. మిన్నెసోటాలో గొలుసు పట్టిన కుర్రవాని విద్య నలుబదేండ్ల వయస్సున దేవుడు ఇట్లు వాడుకొనెను. త్రవ్విన గుంట కొలత ఎవరును ఆయనకు తప్పు చెప్పలేకపోయిరి.

రాజుపాలెము దగ్గర మకాము వేసిరి. పాకలు లేచెను. వేలమంది వచ్చిరి. క్రైస్తవులే గాక ఇతరులును వచ్చిరి, ఎవరిని పొమ్మనలేదు. ఆయన బోధకులే మేస్త్రీలైరి. ఈ సంగతిని కొంచెము నిలిచి ఆలోచింపుడి. కూలివాని మీద పెత్తనమునకు పెట్టబడినవాడు, ఆదివారము అతనితో గూడ చాపమీద కూర్చుండి ప్రార్థన చేయువాడే. అతని కూలిలో రెండు కానులు తీసి, సాయంకాలము అతనికి బోధ చేయుట ఎట్లు? పనివారు అలసి తట్ట దింపి కూర్చున్నప్పుడు బోధకులు వారి ప్రక్కనే కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని పిలిచిన ప్రభువును గూర్చి చెప్పిరి. భారము మోయుట యనగా నేమో విన్నవారికి వివరింప నక్కరలేకపోయెను.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో బీదవాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ఉన్నది. దేవుడు అక్కడ కాలము ఎందుకు నిర్ణయించెను? కూలి మొత్తము ఎంతయైనను, అది ఆలస్యమైన కొలది పనివాడు యజమానునికి కట్టుబడిపోవును. రావలసిన సొమ్ము నిలిచియున్నవాడు పని విడిచి పోలేడు. ముందుగా అప్పు తీసికొన్నవాడును పోలేడు. వెట్టికి ఇవి రెండు త్రాళ్లు.

ఆ త్రాళ్లు నేటికిని తెగలేదు. మన దర్శి, కనిగిరి, మార్కాపురము మెట్ట పొలములలో వానలు తప్పిన యేట గూడెములు ఖాళీ అగుట మనమెరుగుదుము. మేస్త్రీ వచ్చును, ఆలుమగలకు కలిపి అడ్వాన్సు ఇచ్చును. ఇటుక బట్టీకో, రాతి పనికో, భవనముల పనికో తీసికొనిపోవును. అక్కడ లెక్క బట్టీవాని పుస్తకములో నుండును. సీజను చివర చూచినచో అప్పు తీరలేదందురు. ఆధారు కార్డు, ఫోను వారి యొద్దనే యుంచుకొని, పండుగకు ఇంటికి పోవలెననినచో పిల్లవానిని ఇక్కడ విడిచి పొమ్మనుదురు. మన రాజ్యాంగములోని 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము అట్టి అప్పు చెల్లదు, తీర్చనక్కరలేదు. అట్లు పని చేయించినవానికి మూడేండ్ల వరకు ఖైదు వేయవచ్చును. కనీస వేతనముకంటె తక్కువ ఇచ్చి చేయించుకొనుటయు బలవంతపు చాకిరియేనని 1982లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఢిల్లీలో ఆసియా క్రీడల కొరకు కట్టిన కట్టడముల కూలీల విషయమది. కూలీలను తెచ్చినది కాంట్రాక్టరు గదా, మాకేమి అని పని చేయించుకొన్న ప్రభుత్వము తప్పించుకొనరాదని కూడ ఆ తీర్పులో నున్నది. ఇట్టి సంగతి తెలిసినచో ఆర్.డి.ఓ. గారికిగాని కలెక్టరు గారికిగాని తెలియజేయవలెను. విడుదల పత్రమిచ్చు అధికారము ఆ కార్యాలయమునకు గలదు.

సరకు కొనువానిని కూడ ఈ లెక్కలోనికి తెచ్చుటకు ఇప్పుడు ఇతర దేశములవారు పూనుకొనిరి. పెద్ద వ్యాపార సంస్థలు తమ సరకు ఏ చేతుల మీదుగా వచ్చుచున్నదో, ఆ చేతులలో బానిస చేతులు లేకుండ తామేమి చేసిరో ఏటేట ప్రకటింపవలెనని 2015లో బ్రిటన్ చట్టము చేసినది. మన చీమకుర్తి నల్లరాయి సముద్రములు దాటి పోవుచున్నది. మార్కాపురము పలక ఒకప్పుడు ఎన్ని బడులలో ఎందరి పిల్లల ఒడిలో నుండెనో! ఆ పలకల పనిలోనే బడికి పోవలసిన పిల్లలు పని చేయుచుండుట చూచి, 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానము క్రింద దేశములో మొదట ఏర్పరచిన కొద్ది ప్రాజెక్టులలో మార్కాపురమును ఒకటిగా చేర్చిరి. ఒక పిల్లవాడు అక్షరము దిద్దు పలకను, అక్షరము రాని వేరొక పిల్లవాడు నునుపు చేసియుండెను.

దూరపు వ్యాపారులను అనుట సులభము. మన సంఘములలోనే మేస్త్రీలున్నారు. కానుకలలోను, గుడి కట్టుటలోను వారిలో కొందరు ముందున్నారు. వారు తీసికొనిపోయిన కుటుంబములు ఏ బట్టీలో నున్నవో, లెక్క ఎవరి పుస్తకములో నున్నదో, కాపరులైనను పెద్దలైనను అడిగినచో తప్పేమి? యిర్మీయా ప్రవక్త 22వ అధ్యాయములో, కూలి ఇయ్యక పొరుగువానిచేత మేడ కట్టించుకొన్నవానిని గద్దించెను. ఆ మేడ కట్టించుకొన్నవాడు దేవుని ప్రజల రాజే.

కాలువ కథకు తిరిగి వత్తము. పని సాగుచుండగా బాప్తిస్మము కోరువారు వందలుగా వచ్చిరి. దొరగారు ఇయ్యలేదు. కూలి ఇచ్చువాడును బాప్తిస్మమిచ్చువాడును ఒక్కడే అయినప్పుడు, కూలి కొరకు వచ్చినవాడెవడో ప్రభువు కొరకు వచ్చినవాడెవడో తెలియదు. అంతకంటె ముఖ్యముగా, ఆకలిగొన్నవాని మనస్సాక్షిని గింజలతో కొనుటయు ఒక విధమైన వెట్టియే. ఆ కూలీలలో మతము మారినవారికొక కూలి, మారనివారికొక కూలి లేదు. ఇట్లు 1877 మార్చి మొదలు పదునైదు నెలలు గడచెను. లండను నుండి వచ్చిన కరువు సహాయ నిధిని పంచుటలో సర్కారు కమిటీకి ఆయన తోడుపడుచున్నంత కాలమును ఆ కట్టుబాటు సడలింపలేదు.

1878 జూన్‌లో సహాయపు పని ముగింపునకు రాగా, ఒంగోలులో మశూచికము ఉన్నందున తన బోధకులను వెల్లంపల్లిలో కలిసికొందునని కబురు పంపిరి. బోధకుల వెంట జనసమూహము వచ్చెను. దొరగారు గోడ మీదికెక్కి, ఇక నా యొద్ద డబ్బు లేదు, సహాయము లేదు, ఇండ్లకు పొండని వారితో చెప్పిరి. వారు పోలేదు. తమకు సహాయము అక్కరలేదనిరి. కాలువ మట్టి త్రవ్వి తమ చేతులకు లేచిన బొబ్బలను చూపి, మేము పని చేసి బ్రతికితిమి, ఇక ముందును పని చేసికొందుము, రాబోవు పంట పోయినచో చచ్చెదము, అయితే క్రైస్తవులముగా చావగోరుచున్నామనిరి. ఆ బొబ్బల చేతులను చూచిన పిమ్మట దొరగారు కాదనలేకపోయిరి.

జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో 3536 మంది గుండ్లకమ్మలో దిగిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. దొరగారు గట్టునుండి చూచుచుండిరి. ఆ సంవత్సరాంతమునకు 9606 మంది చేరియుండిరి. పొదిలి, దర్శి, కనిగిరి, మార్కాపురము, కంభము, దొనకొండలలో ఒకదాని వెంట నొకటిగా మిషను స్థానములు వెలసినవి ఆ పంటలోనివే.

దొరగారు 40 ఏండ్లు మన మధ్య పని చేసిరి. హారియెట్ అమ్మగారు మరణించిన తరువాత 1894లో ఎమ్మా రాషెన్‌బుష్ అమ్మగారిని వివాహమాడిరి. ఈమె మన గూడెములలో తిరిగి, చెప్పులు కుట్టువారి కథలను విని, 1899లో ఆంగ్లమున పుస్తకముగా ప్రచురించిరి. వృద్ధాప్యమున అమెరికాకు మరలిపోయి, తన జీవితకథను ఆమెకు చెప్పి వ్రాయించిరి. 1910 నవంబరులో రాచెస్టరు పట్టణమందు ప్రభువునందు నిద్రించిరి. ఆ కథ 1914లో అచ్చయ్యెను. అందులో ఆయన ఎక్కువ శ్రద్ధతో వివరించినవాటిలో గూడెపు బ్రతుకు ఒకటి, కరువు కాలపు కాలువ పని ఒకటి.

1899లో మద్రాసు బెజవాడల రైలు మార్గము తెరువబడిన పిమ్మట కాలువలో పడవలు తగ్గెను. తరువాత చాలభాగము పూడిపోయెను. ఒంగోలునకు తూర్పున సముద్రపు వైపు పోవువారికి ఆ పాత కాలువ నేటికిని అడ్డము వచ్చును. అందులో ఒక మూడున్నర మైళ్లు మన ముత్తాతలు త్రవ్వినది.